జేబుకు చిల్లు పడకుండా మంచి వైన్ గ్లాసులు కొనడం ఎలా?

మణికొండ_రవి
అందరికీ నమస్కారం. గృహప్రవేశం అయిపోయింది, పెద్దవాళ్లు ఊరెళ్లిపోయారు. వచ్చే నెల మా ఆఫీసు బ్యాచ్‌ని ఇంటికి పిలుస్తున్నాం. నేనూ మా ఆవిడా ఈమధ్య వైన్ వైపు మళ్లాం. ఇన్నాళ్లూ జ్యూస్ గ్లాసుల్లోనే కానిచ్చేశాం కానీ, నలుగురు వచ్చినప్పుడు బాగుండదు కదా.

ఆన్‌లైన్‌లో చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఒకటేమో గ్లాసు నూట యాభై అంటాడు, ఇంకొకడు ఏడెనిమిది వేలు అంటాడు. ఫొటోలో రెండూ ఒకేలా ఉన్నాయి. పైగా రెడ్‌కి ఒకటి, వైట్‌కి ఒకటి, షాంపేన్‌కి ఒకటి, రెడ్‌లో మళ్లీ బోర్డోకి వేరు, బర్గండీకి వేరు. అన్నీ కొంటే పెట్టడానికి ఇంకో ఫ్లాట్ కొనాలి.

ఎనిమిది గ్లాసులు కావాలి. నాలుగు వేలు దాటకూడదు. మేం తాగేది ఎక్కువగా సులా, ఫ్రాటెల్లి, గ్రోవర్ లాంటి మన దేశం వైన్‌లు. ఎప్పుడైనా డ్యూటీ ఫ్రీ నుంచి ఎవరైనా తెస్తే బయటిది. అసలు గ్లాసులో ఏం చూడాలి? డబ్బు దేనికి పెట్టొచ్చు, దేనికి పెట్టక్కర్లేదు?

బెజవాడ_బాబు
రవి గారూ, మీకు గ్లాసుల బెంగ, మాకు వైన్ బెంగ. మా వీధి చివర వైన్స్ షాపులో వైన్ అడిగితే కుర్రాడు లోపలికెళ్లి, ఎక్కడో అడుగున ఉన్న సీసా తీసి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. "ఎవరికన్నా బాలేదా సార్" అని కూడా అడిగాడు.

హోటల్_మనిషి
నేను స్టార్ హోటళ్లలో ఎఫ్ అండ్ బీలో, అంటే తిండి, డ్రింకుల విభాగంలో, చాలా ఏళ్లు పనిచేశాను. గ్లాసులు కొనడం, లెక్క పెట్టడం, పగిలినవి రాసుకోవడం నా పనిలో భాగం. కాస్త వివరంగా చెప్తాను.

ముందు అంచు చూడండి. నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే. చవక గ్లాసులకి అంచు దగ్గర గాజు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, వేలితో తడిమితే చిన్న గట్టులా తగులుతుంది. మంచి గ్లాసుకి ఆ గట్టు ఉండదు. అంచుని లేజర్‌తో కోసి నునుపు చేస్తారు. గట్టున్న గ్లాసులో వైన్ పెదవి దగ్గర ఆగి, ఒక్కసారిగా నోట్లో పడుతుంది. పల్చటి అంచైతే గ్లాసు అడ్డం ఉందన్న సంగతే తెలియదు. యాభై రూపాయలు ఎక్కువ పెట్టాలంటే దీనికే పెట్టండి.

తర్వాత ఆకారం. బౌల్, అంటే వైన్ పోసే గుండ్రటి భాగం, మధ్యలో వెడల్పుగా ఉండి, పైకొచ్చేసరికి లోపలికి మూసుకోవాలి. అప్పుడు తిప్పితే వైన్ బయటికి చిందదు, వాసన లోపల నిలుస్తుంది. పైకి విచ్చుకున్న గ్లాసులు చూడ్డానికి బాగుంటాయి, వైన్‌కి పనికిరావు.

సైజు. మొత్తం నాలుగు వందల నుంచి ఐదు వందల యాభై మిల్లీలీటర్లు పట్టే గ్లాసైతే రెడ్‌కీ వైట్‌కీ రెండింటికీ సరిపోతుంది. షాపుల్లో దీన్ని యూనివర్సల్ అంటారు. కొన్ని కంపెనీలు వైట్ వైన్ గ్లాసు అని పేరు పెట్టి ఇదే అమ్ముతాయి. పెద్ద రెడ్ గ్లాసు కన్నా పెద్ద వైట్ గ్లాసు ఇంట్లో ఎక్కువ పనికొస్తుందని నా అనుభవం. వాటిలో పోసేది నూట ఇరవై ఐదు, మహా అయితే నూట యాభై మిల్లీలీటర్లే. అంటే ఒక సీసాకి ఐదు లేదా ఆరు గ్లాసులు. నిండా పోస్తే తిప్పడానికి చోటు ఉండదు.

కాడ. ఇది చేయి వేడి తగలకుండా పట్టుకోవడానికి. చవక గ్లాసుల కాడ మీద పై నుంచి కిందికి సన్నటి గీత కనిపిస్తుంది, అచ్చు రెండు ముక్కలు కలిసిన చోటు అది. దానివల్ల రుచికి వచ్చే నష్టమేమీ లేదు. చూపుకి నచ్చకపోతే మానేయండి, అంతే.

డబ్బు పెట్టక్కర్లేనివి: బంగారు అంచు, చెక్కిన పువ్వులు, రంగు గాజు, గిఫ్ట్ బాక్సు. వైన్ రంగు చూడాలంటే గాజు తెల్లగా, సాదాగా ఉండాలి.

రమ్య_కె
హోటల్ గారూ, అన్నీ ఒప్పుకుంటా గానీ ఒకే గ్లాసు అన్నిటికీ అంటే ఒప్పుకోను. ఏ ద్రాక్షకి ఆ గ్లాసు అన్నది ఊరికే పుట్టలేదు. ఆస్ట్రియాలో కుఫ్‌స్టైన్ అనే ఊళ్లో గ్లాసులు చేసే రీడెల్ కుటుంబం ఉంది. క్లాస్ రీడెల్ 1973లో సొమ్మెలియే అని చేత్తో ఊదిన గ్లాసుల సిరీస్ తెచ్చాడు, ఒక్కో రకం వైన్‌కి ఒక్కో ఆకారం. తర్వాత 1986లో వినుమ్ అని మెషీన్ మీద చేసేవి వచ్చాయి. వాళ్ల టేస్టింగ్‌లో నేను కూర్చున్నాను. ఒకే వైన్ నాలుగు గ్లాసుల్లో పోసి ఇస్తారు, నాలుగు వేరువేరు వైన్‌లు అనిపిస్తుంది. గ్లాసు వైన్‌ని నాలుక మీద ఏ భాగంలో పడేస్తుందో దాన్నిబట్టి రుచి మారుతుంది.

సైన్సు_శర్మ
రమ్య గారూ, మీరు తాగిన వైన్ మీద నాకు గౌరవం ఉంది కానీ ఆ నాలుక కథని మాత్రం వదిలేయండి.

నాలుక ముందు తీపి, వెనక చేదు, పక్కల పులుపు అని మనం స్కూల్లో బొమ్మ గీసుకున్నాం కదా. దాని మూలం 1901లో హేనిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త రాసిన వ్యాసం. ఆయన చెప్పింది నాలుక మీద చోటునిబట్టి స్పందనలో చిన్న తేడాలు ఉంటాయని మాత్రమే. 1942లో ఎడ్విన్ బోరింగ్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఆ లెక్కల్ని తన పుస్తకంలో గ్రాఫుగా ఇచ్చిన తీరువల్ల, ఒక్కో చోట ఒక్కో రుచే తెలుస్తుందన్నట్టు అందరికీ అర్థమైంది. నిజానికి రుచి మొగ్గలు ఉన్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. అనుమానం ఉంటే కాస్త ఉప్పు తీసుకుని నాలుక కొసన పెట్టి చూడండి, పక్కన పెట్టి చూడండి.

2004లో గోర్మే అనే అమెరికన్ పత్రిక దీని మీద ఒక వ్యాసం వేసింది. శాస్త్రవేత్తల్ని అడిగితే గ్లాసుకీ నాలుక పటానికీ సంబంధం లేదన్నారు. మీ నాలుగు గ్లాసుల టేస్టింగ్‌లో ఏ గ్లాసు ఏమిటో ముందే చెప్పి ఇచ్చారా, కళ్లకు గంతలు కట్టి ఇచ్చారా? అదీ ప్రశ్న.

అయితే ఆకారం పూర్తిగా దండగ అనీ అనను. 2015లో టోక్యోలో ఒక వైద్య విశ్వవిద్యాలయం వాళ్లు గ్లాసు పైన లేచే ఆల్కహాల్ ఆవిరిని ఫొటో తీసే కెమెరా తయారు చేశారు. పదమూడు డిగ్రీల చల్లదనంలో వైన్ గ్లాసు మీద ఆవిరి అంచు చుట్టూ ఉంగరంలా ఏర్పడింది, మధ్యలో పల్చగా ఉంది. అంటే మధ్యలో ముక్కు పెడితే స్పిరిట్ ఘాటు తక్కువ, వైన్ వాసన ఎక్కువ తెలుస్తుంది. మార్టినీ గ్లాసులో, సాదా నిలువు గ్లాసులో ఆ ఉంగరం రాలేదు. హోటల్ గారు చెప్పిన "పైన మూసుకున్న బౌల్" సంగతి దీనితో సరిపోతుంది. ఇరవై రకాల గ్లాసులు కావాలని మాత్రం దీన్నుంచి తేలదు.

రమ్య_కె
కళ్లకు గంతలు కట్టలేదు లెండి 🙂 నాలుక సంగతి పోనివ్వండి. వాసనకి ఆకారం లెక్కే అని మీరే అన్నారుగా, నాకు అది చాలు. పినో న్వార్ అనే రెడ్ వైన్‌కి నా పెద్ద గుండ్రటి గ్లాసు నేను ఎవరికీ ఇవ్వను. రవి గారికి అది అవసరం లేదన్నదానికి మాత్రం సరే. సులా, గ్రోవర్‌లకు ఒకే రకం చాలు.

నల్గొండ_నరేశ్
ఒకే రకం అనేది పేదోళ్ల మాట అనుకోకండి అన్నా. పెద్ద పెద్దోళ్లు కూడా అదే చెప్తున్నరు. స్విట్జర్లాండ్ వైన్ క్రిటిక్ రెనే గాబ్రియెల్ పేరు మీద గాబ్రియెల్ గ్లాస్ ఉంది, అన్ని వైన్‌లకీ ఒకటే ఆకారం. లండన్‌లో వైన్ క్రిటిక్ జాన్సిస్ రాబిన్సన్ మేడమ్ కూడా రిచర్డ్ బ్రెండన్ అనే డిజైనర్‌తో కలిసి 2018లో ఒకటే గ్లాసు తెచ్చింది. షాంపేన్ నుంచి తియ్యటి పోర్ట్ వైన్ దాకా అదే పోసుకోమంటది.

డాలస్_సుధ
రెండూ చేత్తో పట్టుకుని చూశాను. గాబ్రియెల్‌లో రెండు రకాలు ఉన్నాయి, నోటితో ఊదినది, మెషీన్‌ది. ధరలో చాలా తేడా. కళ్లు మూసుకుని ఎత్తితే బరువులో తేడా తెలుస్తుంది. వైన్‌లో తేడా నాకైతే తెలియలేదు.

ఇక జాల్టో గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. అదీ ఆస్ట్రియాదే, చేత్తో ఊదినది, గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. అమెరికాలోనే ఒక్కోటి అరవై డాలర్ల పైన. మా ఫ్రెండ్ ఇంట్లో అందులో తాగినంతసేపూ ఎక్కడ విరుగుతుందో అని టెన్షన్. వైన్ ఎలా ఉందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు, గ్లాసు మాత్రం గుర్తుంది.

ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. గుడ్‌విల్ లాంటి సెకండ్ హ్యాండ్ షాపుల్లో ఒక్కోసారి మంచి గ్లాసులు రెండు మూడు డాలర్లకే ఉంటాయి. జంటగా దొరకవు, అదొక్కటే ఇబ్బంది. అడుగున చూస్తే కంపెనీ పేరు సన్నగా చెక్కి ఉంటుంది. వేలితో అంచంతా తడిమి పెచ్చు లేచిందేమో చూసుకుని కొనండి.

ఇండియాకి సామాన్లలో గ్లాసులు తీసుకెళ్లడం మాత్రం వద్దు. కాడలు దారిలోనే పోతాయి.

మణికొండ_రవి
అందరికీ థాంక్స్. ఒక డౌట్. ఆన్‌లైన్‌లో "ట్రైటాన్" అని రాసి, ఆరు గ్లాసుల సెట్ చాలా తక్కువకి ఇస్తున్నారు. "అన్‌బ్రేకబుల్ క్రిస్టల్" అని కూడా ఉంది. ట్రైటాన్ మంచిదని ఎక్కడో చదివాను. తీసేసుకోవచ్చా?

హోటల్_మనిషి
ఆగండి రవి గారూ. ట్రైటాన్ పేరుతో రెండు వేరువేరు వస్తువులు ఉన్నాయి.

ఒకటి జర్మనీలో ట్స్వీజెల్ కంపెనీ వాడే ట్రైటాన్ క్రిస్టల్. అది అసలైన గాజు. సీసం లేకుండా టైటానియం, జిర్కోనియం ఆక్సైడ్లు కలిపి చేస్తారు. మామూలు గాజు కన్నా గీతలకీ దెబ్బలకీ ఓర్చుకుంటుంది, అందుకే హోటళ్లు ఎక్కువగా కొంటాయి. కింద పడేస్తే అదీ పగులుతుంది.

రెండోది ఈస్ట్‌మన్ అనే అమెరికన్ కంపెనీ ట్రైటాన్. అది ప్లాస్టిక్. నీళ్ల సీసాలు, మిక్సీ జార్లు దాంతో చేస్తారు. ఆ ప్లాస్టిక్‌లో తప్పేమీ లేదు, స్విమ్మింగ్ పూల్ దగ్గరికీ, పిల్లలున్న పిక్నిక్‌కీ అదే నయం. కానీ అంచు మందంగా ఉంటుంది, కొన్నాళ్లకి గీతలు పడతాయి. మీరు చూసినదానికి "పగలదు" అని ఉందంటే అది ఇదే. గాజు పగలదని ఏ గాజు కంపెనీ రాయదు.

"క్రిస్టల్" అన్న మాటని కూడా ఊరికే నమ్మకండి. యూరప్‌లో 1969 నుంచి దీనికి లెక్క ఉంది. లెడ్ క్రిస్టల్ అని రాయాలంటే సీసం ఆక్సైడ్ కనీసం ఇరవై నాలుగు శాతం ఉండాలి. ఇప్పుడు మంచి వైన్ గ్లాసుల్లో చాలావరకు సీసం లేనివే. సీసం బదులు బేరియం, జింక్, టైటానియం లాంటివి వేసి అదే మెరుపు తెస్తారు. పెట్టె మీద "లెడ్ ఫ్రీ క్రిస్టల్" అని ఉండి, కంపెనీ పేరు, తయారైన దేశం కూడా ఉంటే ముందుకెళ్లండి. ఉత్త "క్రిస్టల్ క్లియర్" అని ఉంటే అది మామూలు సోడా లైమ్ గాజు, మన కిటికీ అద్దంలాంటిదే.

బెజవాడ_బాబు
సోడా లైమ్ అయితే తాగకూడదా ఏంటి?

హోటల్_మనిషి
నిక్షేపంగా తాగొచ్చు బాబు గారూ. దాన్ని పల్చగా చేస్తే త్వరగా విరుగుతుంది, అందుకే మందంగా చేస్తారు. తేడా అంతే.

కాకినాడ_కిరణ్
కాడ లేని గ్లాసులు కొనుక్కోమని నా సలహా. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. కాడ ఉన్నది ఏదీ నెల బతకలేదు. రీడెల్ వాళ్లే కాడ లేని సిరీస్ చేశారు కదా, ఇక మనకెందుకు మొహమాటం? డిష్‌వాషర్‌లో కూడా పడతాయి.

సైన్సు_శర్మ
కిరణ్ గారూ, ఆస్ట్రియాలో సరే. మే నెలలో కాకినాడలో? చల్లటి వైట్ వైన్ ఎనిమిది నుంచి పన్నెండు డిగ్రీల్లో బాగుంటుంది. గది ముప్పై ఐదు, మీ చేయి కూడా దాదాపు అంతే వేడి. కాడ లేని గ్లాసు పట్టుకుంటే పది నిమిషాల్లో కషాయం. రెడ్ కూడా రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారే, ఆ రూము యూరప్ రూము, పదహారు పద్దెనిమిది డిగ్రీలు. మన దగ్గర రెడ్ సీసాని కూడా ఒక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి.

గ్లాసు ఏదైనా, మన వాతావరణానికి చిట్కా ఒకటే: కొంచెం కొంచెం పోసుకోవడం, సీసాని ఐసు నీళ్లలో ఉంచడం.

కాకినాడ_కిరణ్
ఏసీ ఉంది మాస్టారూ 😀

నల్గొండ_నరేశ్
సైజు గురించి ఒక విషయం. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి వాళ్లు మూడు వందల ఏళ్ల గ్లాసులు కొలిచిండ్రు. 1700ల్లో సగటున అరవై ఆరు మిల్లీలీటర్లు పట్టేది. 2017 నాటికి నాలుగు వందల నలభై తొమ్మిది. దాదాపు ఏడు రెట్లు. గ్లాసు పెద్దగైతే పోసేది కూడా పెరుగుతది కావొచ్చు అని వాళ్ల అనుమానం. ఆరు వందలు, ఏడు వందల మిల్లీలీటర్ల గ్లాసు కొంటే సీసా ఎప్పుడు అయిపోయిందో తెల్వదు. గ్లాసు మీద మిగిలిన డబ్బు సీసాల మీద పోతది.

డాలస్_సుధ
😂 నరేశ్ గారి మాట నిజం. మా ఆయన "ఒక్క గ్లాసే తాగా" అంటారు. ఆ గ్లాసు చూడాలి మీరు.

మణికొండ_రవి
మరి స్పార్క్లింగ్‌కి, అదే బుడగల వైన్‌కి? మా ఆవిడకి సులా బ్రూట్ ఇష్టం. సన్నగా పొడుగ్గా ఉండే ఫ్లూట్‌లు విడిగా కొనాలా?

రమ్య_కె
వద్దు రవి గారూ, దీనికి మాత్రం నేనూ "ఒకే గ్లాసు" పార్టీనే. ఫ్లూట్‌లో బుడగలు అందంగా పైకి వస్తాయి, ఎక్కువసేపు నిలుస్తాయి. కానీ పైన చోటు లేక ముక్కుకి ఏమీ అందదు. ఇప్పుడు షాంపేన్ తయారుచేసే కంపెనీల్లోనే చాలామంది ట్యూలిప్ ఆకారానికో, మామూలు వైట్ గ్లాసుకో మారిపోయారు. మీ యూనివర్సల్‌లో మూడో వంతు పోయండి, చాలు. వెడల్పు పళ్లెంలాంటి కూప్ గ్లాసులు మాత్రం ఫొటోకే, బుడగలు వెంటనే పోతాయి.

గ్లాసులో సబ్బు మిగిలితే నురగ నిలవదు. స్పార్క్లింగ్ చప్పగా ఉందని సీసాని తిట్టే ముందు గ్లాసు కడిగిన తీరు చూసుకోండి.

మోడరేటర్
ఒక షాపు లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. అమ్మకాల ప్రకటనలు ఇక్కడ వద్దు. కంపెనీల పేర్లు చర్చించుకోవచ్చు.

సనత్‌నగర్_శ్రీను
హైదరాబాద్‌లో కొనే సంగతి నేను చెప్తా. నాది క్యాటరింగ్ పని.

బేగంబజార్‌లో హోటల్ సామాను అమ్మే క్రోకరీ షాపులు ఉన్నాయి. హోల్‌సేల్‌గా డజను లెక్కన ఇస్తారు, అడిగితే ఆరు కూడా ఇస్తారు. థాయ్‌లాండ్ ఓషన్ కంపెనీ సరుకు ఎక్కువ కనిపిస్తుంది. హోటళ్లలో, బాంకెట్లలో మీరు తాగే గ్లాసులు చాలావరకు అవే. అదే కంపెనీ లూకారిస్ అని క్రిస్టల్ రకం కూడా చేస్తుంది, అది పల్చగా బాగుంటుంది, ధర ఎక్కువ. ఫ్రాన్స్ ఆర్క్ కంపెనీ గ్లాసులు, ఇటలీ బోర్మియోలీ కూడా అడగండి. ఉన్నప్పుడు ఉంటాయి.

హైటెక్ సిటీ దగ్గర ఐకియా మీకు మణికొండ నుంచి పక్కనే. వాళ్ల దగ్గర వైన్ గ్లాసులు రెండు మూడు రకాలు ఉంటాయి, ధర బోర్డు మీద ఉంటుంది, బేరం గోల లేదు. పొడుగ్గా, పల్చగా ఉన్నది ఎంచుకోండి. మందపాటి చవక రకం పార్టీకి పనికొస్తుంది గానీ మీరు అడిగింది అది కాదు కదా.

షాపులో ఎలా చూడాలంటే, గ్లాసుని బల్ల మీద పెట్టి పై నుంచి చూడండి. ఊగుతుందా, కాడ వంకరగా ఉందా తెలుస్తుంది. ఒకే పెట్టెలో కూడా ఒకటీ అరా వంకరవి వస్తాయి, అందుకే పెట్టె విప్పించి ఒక్కొక్కటీ చూడండి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే గాజులో బుడగలు కనిపిస్తాయి. అంచు చుట్టూ వేలు తిప్పండి. గోటితో మెల్లగా కొడితే మంచి గ్లాసు టింగుమని సాగుతుంది, మందపాటిది టప్‌మంటుంది. సంక్రాంతి ముందూ, పెళ్లిళ్ల సీజన్‌లోనూ బేగంబజార్ వెళ్లకండి, ఎవడూ పెట్టె విప్పడు.

అన్నిటికన్నా ముఖ్యం: అదే మోడల్ వచ్చే ఏడాది దొరుకుతుందా అని అడగండి. ఎనిమిదిలో రెండు పగలడం ఖాయం. ఆఫర్‌లో వచ్చిన మిగులు సరుకు కొంటే మళ్లీ జత దొరకదు.

సైన్సు_శర్మ
శ్రీను గారి చివరి మాటకి వంద మార్కులు. రవి గారూ, ఇంకో దారి ఉంది. ఐఎస్‌ఓ 3591 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 1977 నాటిది, వైన్ టేస్టింగ్ గ్లాసుకి. మొత్తం పట్టేది రెండు వందల పదిహేను మిల్లీలీటర్లు, పోసేది యాభై. పరీక్షల్లో, ల్యాబుల్లో వాడతారు. చిన్నగా, గుడ్డు ఆకారంలో ఉంటుంది. చవక. ఏ కంపెనీ చేసినా కొలతలు ఒకటే కాబట్టి పగిలితే జత దొరుకుతుంది.

రమ్య_కె
అయ్యో మాస్టారూ, పార్టీకి వచ్చినవాళ్లకి ల్యాబు గ్లాసు ఇస్తారా? యాభై మిల్లీలీటర్లు పోస్తే అతిథులు తీర్థం అనుకుంటారు.

సైన్సు_శర్మ
తీర్థం అనుకునే భక్తితోనే తాగాలమ్మా దాన్ని.

కొండాపూర్_లత
ఒక విషయం ఎవరూ చెప్పలేదు. కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఉమ గారు మన హైదరాబాద్ వాళ్లే, గ్రాన్యూల్స్ ఇండియా వాళ్లు. కర్ణాటకలో హంపీ కొండల దగ్గర క్రస్మా అని తోట పెట్టి వైన్ చేస్తున్నారు. వాళ్ల కేబర్నే సొవిన్యాన్ అనే రెడ్ వైన్‌ని నేను రెండు గ్లాసుల్లో పోసి చూశాను, ఒకటి మందపాటి చిన్న గ్లాసు, ఇంకోటి పల్చటి ఐదు వందల మిల్లీలీటర్లది. చిన్నదాంట్లో ఘాటే తెలిసింది. పెద్దదాంట్లో కాసేపు తిప్పాక పండు వాసన వచ్చింది. కాబట్టి మన దేశం వైన్ కదా, ఏ గ్లాసైనా ఒకటే అనుకోకండి. ఇందాక రమ్య గారు "సులా, గ్రోవర్‌లకు చాలు" అన్న తీరు నాకు నచ్చలేదు, ఏమనుకోకండి.

రమ్య_కె
నేనన్నది ఒకే రకం చాలని లత గారూ, నాసి గ్లాసు చాలని కాదు. క్రస్మా నాకూ ఇష్టమే.

మణికొండ_రవి
శనివారం నేనూ మా ఆవిడా తిరిగొచ్చాం. మొదట ఐకియా, అక్కడి నుంచి బేగంబజార్. పార్కింగ్ గురించి అడగొద్దు.

చివరికి బేగంబజార్‌లో సీసం లేని క్రిస్టల్, నాలుగు వందల యాభై మిల్లీలీటర్లవి ఆరు కొన్నాం. అంచు పల్చగా, గట్టు లేకుండా ఉంది. పెట్టె విప్పించాను, షాపాయన విసుక్కున్నాడు, ఒకటి నిజంగానే వంకరగా ఉంటే మార్పించాను. ఆ మోడల్ ఎప్పుడూ తెప్పిస్తాం అన్నాడు. ఎనిమిది కొంటే బడ్జెట్ దాటుతోంది, అందుకని ఆరుతో ఆపి, మిగిలిన డబ్బుకి మళ్లీ ఐకియాకెళ్లి మామూలు రకం నాలుగు తెచ్చాం. పార్టీలో ఎవరు గ్లాసు ఊపుతూ డాన్సు చేస్తారో మాకు ముందే తెలుసు, వాళ్లకి అవి.

ఇప్పుడు అసలు సమస్య. మాది బోరు నీళ్లు. కడిగి ఆరబెట్టగానే గ్లాసు నిండా తెల్ల మచ్చలు.

హోటల్_మనిషి
పంచిన తీరు బాగుంది. మచ్చలకి వినిగర్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచండి, లేదా కిరాణా షాపులో దొరికే నిమ్మఉప్పు ఒక చెంచా నీళ్లలో కలిపి ముంచండి. సున్నం కరిగిపోతుంది. చివరి కడుగుడు మాత్రం ఆర్‌ఓ నీళ్లతో చేయండి. ఒక్కో గ్లాసుకి అర కప్పు చాలు.

ఆరబెట్టి వదిలేయకండి, తడి ఉండగానే తుడవండి. తుడిచేటప్పుడు బౌల్‌ని ఒక చేత్తో పట్టుకుని బౌల్‌నే తుడవాలి. ఒక చేత్తో అడుగు పట్టుకుని, ఇంకో చేత్తో బౌల్‌లో గుడ్డ పెట్టి తిప్పితే కాడ పుటుక్కున విరుగుతుంది, చెయ్యి కోసుకుంటుంది. మా హోటల్లో కొత్త కుర్రాళ్లకి మొదటి రోజు నేర్పేది ఇదే. పార్టీలో పగిలేవాటికన్నా సింకు దగ్గర పగిలేవే ఎక్కువ. అందుకే పార్టీ రాత్రి కడగొద్దు. నీళ్లు పోసి పక్కన పెట్టి, పొద్దున్నే కడగండి.

డాలస్_సుధ
తుడవడానికి మైక్రోఫైబర్ గుడ్డ అంటారు గానీ, మా అమ్మ ఇచ్చిన పాత నూలు పంచె ముక్కని మించింది లేదు. పీచు వదలదు. గంజి పెట్టని పంచె అయ్యుండాలి, అంతే.

సనత్‌నగర్_శ్రీను
అల్మారాలో బోర్లించి పెట్టకండి. బరువంతా పల్చటి అంచు మీద పడుతుంది, పైగా లోపల చెక్క వాసన పట్టేస్తుంది. మన వంటింట్లో ఇంగువ వాసన సరేసరి. నిలబెట్టే ఉంచి, వాడే ముందు ఒకసారి మంచినీళ్లతో కడగండి.

బెజవాడ_బాబు
ఇదంతా చదివి నేనూ నాలుగు ఆర్డర్ పెట్టేశా. ఇంకో ప్రశ్న. మా మామగారి ఇంట్లో పాత కట్ గ్లాస్ డికాంటర్ (వైన్ వంచి ఉంచే గాజు పాత్ర) ఉంది, విదేశం నుంచి ఎప్పుడో తెచ్చింది. రాయిలా బరువు, భలే మెరుస్తుంది. అందులో వైన్ పోసి ఉంచుకోవచ్చా?

సైన్సు_శర్మ
ఆ బరువు, ఆ మెరుపు చూస్తే సీసం కలిపిన గాజు కావచ్చు బాబు గారూ. భోజనం ముందు పోసి, భోజనంతో పాటు ఖాళీ చేస్తే వైన్‌లోకి దిగే సీసం చాలా తక్కువ. నిల్వ ఉంచడం మాత్రం వద్దు. 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అమెరికా శాస్త్రవేత్తల పరిశీలన వచ్చింది. లెడ్ క్రిస్టల్ డికాంటర్లలో నెలల తరబడి ఉంచిన పోర్ట్ వైన్‌లో సీసం లీటరుకి వేల మైక్రోగ్రాముల్లోకి వెళ్లింది. గర్భిణులు, పిల్లలు ఉన్న ఇంట్లో జ్యూస్ లాంటి పుల్లటివి కూడా అందులో పోయకండి.

హోటల్_మనిషి
మీకు డికాంటర్ అవసరమే అయితే సాదా గాజు నీళ్ల జగ్గు చాలు. మూతి వెడల్పుగా ఉంటే వైన్‌కి గాలి తగులుతుంది, కడగడానికి చెయ్యి కూడా పడుతుంది. మామగారి డికాంటర్‌ని షోకేసులో పెట్టండి, ఆయనా సంతోషిస్తారు.

బెజవాడ_బాబు
జగ్గు ఉంది. మజ్జిగ జగ్గు. కడిగితే పోతుందంటారా ఆ వాసన?

హోటల్_మనిషి
గాజుదైతే పోతుంది. ప్లాస్టిక్‌దైతే కొత్తది కొనండి.